డొంక దారికి ట్రాక్టరు ట్రక్కు: ఎంపిక, అమరిక

ట్రాక్టరు కొనదలచిన రైతు పది ఊళ్లు తిరిగి, నలుగురిని అడిగి, హార్సు పవరెంత, గంటకు నూనె ఎంత త్రాగును, విడిభాగములు ఎక్కడ దొరకును అని విచారించిన మీదటనే కొనుచున్నాడు. అదే రైతు ట్రక్కు సంగతి వచ్చుసరికి రోడ్డు ప్రక్కనున్న వెల్డింగు షాపునకు పోయి, “అందరికీ చేసినట్లే నాకూ ఒకటి చేయండి” అని చెప్పి బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. దుక్కి, దమ్ము ముగిసిన తరువాత ఏడాది పొడవునా ట్రాక్టరు వెంట తిరుగునది ట్రక్కే. పశువుల ఎరువు, చెరువు మట్టి, ధాన్యము, చొప్ప, వరిగడ్డి, విత్తనము, నీళ్ల డ్రమ్ములు అన్నియు దానిలోనే పోవలెను. పొరపాటు జరిగినప్పుడు ముందుగా ప్రక్కకు ఒరుగునదియు తరచు అదే.

కొన్ని జిల్లాలలో దీనిని ట్రాలీ అందురు, కొందరు ట్రెయిలరందురు. ఈ పాఠములో ట్రక్కు అనియే వ్రాయుచున్నాము. తారు రోడ్డు మీద ఏ ట్రక్కయినను నడుచును. మన మాట తారు రోడ్డును గూర్చి కాదు. ఊరికి దూరమున, వాగుకు అవతల, కాలువ గట్టు వెంబడి, లేక అడవి అంచున పొలములున్నవారు, కోతల కాలములో నాలుగు రాత్రులు చేనివద్దనే ఉండి రావలసినవారు ఎట్టి ట్రక్కు తెచ్చుకొనవలెను, దానికి ఏమేమి అమర్చుకొనవలెను అనునదే మన మాట.

ముందు దారిని కొలవండి

షాపునకు పోవుటకు ముందు ఒక ఉదయము టేపు, తాపీ మేస్త్రీ వాడు మట్టము, పదడుగుల వాసము తీసుకొని, తోడుగా ఒకరిని పిలుచుకొని, ఇంటినుండి చేనివరకు నడవండి. దారిలో అన్నింటికంటె ఇరుకైన చోటు ఏది? తూము మీద వెడల్పెంత? అన్నింటికంటె మొనదేలిన మలుపు ఎక్కడ? వానకాలములో దిగబడు చోటేది? దారి ఒక ప్రక్కకు వాలియున్న చోటేది? ఈ అయిదు చోట్లను కాగితము మీద వ్రాసికొనండి. మంచి దారి రెండు మైళ్లున్నను లెక్క లేదు. ట్రక్కును ఎంచవలసినది ఈ అయిదు చోట్లను బట్టియే.

ఏటవాలును కొలుచుట తేలిక. వాసము ఎగువ కొనను నేలకు ఆనించి, మట్టము పెట్టి వాసమును సమముగా పట్టండి. దిగువ కొన క్రింద నేలకు ఎంత ఎత్తు ఉన్నదో చూడండి. ఒక అడుగు ఉన్నచో ఆ వాలు పదింట ఒకటి. చూచుటకు ఇది పెద్ద ఎత్తు కాదు. కాని లెక్క చూడండి. ట్రక్కు, సరుకు కలిసి 4 టన్నులనుకొనుడు. పదింట ఒకటి వాలులో అది 400 కిలోల బరువుతో వెనుకకు లాగును. నేల మెత్తగా ఉన్నచో చక్రములు దొర్లుటకే ఇంచుమించు ఇంకొక 400 కిలోలు కావలెను. 2 టన్నుల ట్రాక్టరు తాను ఎక్కుటకు 200 కిలోలు. అంతయు కలిపి ఒక టన్ను. అదే 4 టన్నులను చదునైన తారు రోడ్డుమీద లాగుటకు 100 కిలోల లాగుడు చాలును.

45 హార్సు పవరు ట్రాక్టరు సుమారు 2 టన్నులు తూగును. అందులో మూడింట రెండు వంతులు, అనగా 1,300 కిలోలకు పైగా, వెనుక చక్రములమీద నిలుచును. వదులు నేలమీద టైర్లు తమపై పడు బరువులో సగమునకు మించి లాగుట కష్టము. అనగా 650 కిలోలు. మనకు కావలసినది 1,000. ఇంజను శక్తి చాలక కాదు, నేలమీద పట్టు చాలక చక్రము తిరిగి గుంట త్రవ్వుకొనును. అప్పుడు చాలచోట్ల జరుగు పని ఏమనగా, ముందు చక్రములు లేచుచున్నవని బానెట్టుమీద ఇద్దరిని కూర్చుండబెట్టుట. ఇంతకంటె ప్రమాదకరమైన పని లేదు. ముందు భాగమునకు బరువు కావలసియున్నచో కంపెనీవారు ఇచ్చు ఇనుప దిమ్మెలు బిగించవలెను. అంతకంటె మంచి మార్గము, ఆ ఎత్తు దగ్గర బరువును రెండు తడవలుగా తోలుకొనుట.

రెండు చక్రములదా, నాలుగు చక్రములదా

ఎడ్లబండి తోలిన ఇంటివారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. బండికి బరువు వెనుకకు పడిన నొగలు పైకి లేచి కాడి ఎడ్ల గొంతును ఒత్తును. బరువు మరీ ముందుకు పడిన ఎడ్ల మెడలు క్రుంగును. కొంచెము ముందుకు మొగ్గు ఉన్న బండియే సుఖముగా నడుచును. రెండు చక్రముల ట్రక్కు అచ్చముగా ఆ బండివంటిదే. దాని బరువులో కొంత భాగము హుక్కు మీద, అక్కడినుండి ట్రాక్టరు వెనుక చక్రములమీద పడును. ఆ బరువే చక్రములకు పట్టు ఇచ్చును.

ఎంత బరువు పడవలెనో లెక్క కట్టవచ్చును. హుక్కు కంటినుండి ఇరుసువరకు 3 మీటర్లున్నదనుకొనుడు. 2,000 కిలోల సరుకు యొక్క మధ్యభాగము ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుకు ఉన్నచో హుక్కుమీద 200 కిలోలు పడును. అదే సరుకు 30 సెంటీమీటర్లు వెనుకకు జరిగినచో హుక్కును అదే 200 కిలోలు పైకి ఎత్తును, ట్రాక్టరు వెనుక చక్రములు తేలికపడును, ఎత్తు ఎక్కుచోట జారును. కావున ఇరుసుకు సరిగా పైన తొట్టి ప్రక్క రేకుమీద రంగుతో ఒక నిలువు గీత గీయించండి. కూలివారికి “గీతకు ముందు ఎక్కువ, గీతకు వెనుక తక్కువ” అని చెప్పిన చాలును. ఎక్కించునప్పుడు ముందునుండి ఎక్కించవలెను, దించునప్పుడు వెనుకనుండి దించవలెను. ముందు సగము దించి వెనుక సగము ఉంచి, ట్రాక్టరునుండి విప్పిన ట్రక్కు మెడ ఒక్కసారిగా పైకి లేచి ఎదుటివాని గడ్డమునకు తగులును. ఈ ఒక్క కారణమునకే మెడ క్రింద ఊతకాలు ఒకటి, వెనుక ప్రక్క ఊతకాళ్లు రెండు పెట్టించుట మంచిది.

నాలుగు చక్రముల ట్రక్కు తన బరువు తానే మోసికొనును. చక్కెర ఫ్యాక్టరీకి మంచి రోడ్డుమీద చెరకు తోలువారికి అది అనుకూలము. విప్పినను నిలుచును, ఎక్కువ సరుకు పట్టును. కాని ట్రాక్టరు చక్రములకు పట్టు ఇయ్యదు, వెనుకకు నడుపుట కష్టము, ముందు ఇరుసు మొనదేలిన మలుపులో అడ్డముగా తిరిగినప్పుడు తొట్టికి ఆ ప్రక్క ఆధారము తగ్గి ఒరుగును. డొంకలోను, గట్టుమీదను తిరుగువారికి రెండు చక్రములదే తగినదని నా దృఢమైన అభిప్రాయము. ఎవరైనను “నాలుగు చక్రములుంటే గట్టిగా నిలుచును గదా” అనినచో, ఆ మొనదేలిన మలుపు దగ్గరకు తీసికొనిపోయి చూపండి.

వెడల్పు, ఎత్తు

ట్రక్కు బోల్తా పడుట రెండు కొలతలమీద ఆధారపడును. ఒకటి, రెండు చక్రముల మధ్య దూరము. రెండవది, బరువు మధ్యభాగము నేలకు ఎంత ఎత్తున ఉన్నది అనునది. చక్రముల మధ్య 1.5 మీటర్లు ఉండి, ధాన్యపు బస్తాలు ఒక వరుస పరచినందున బరువు మధ్యభాగము నేలకు 1 మీటరు ఎత్తున ఉన్నదనుకొనుడు. కదలక నిలుచున్నచో ఒక ప్రక్క చక్రము రెండవదానికంటె 90 సెంటీమీటర్లు ఎత్తు లేచువరకు అది పడదు. బస్తాలు పైకి పేర్చి ఆ మధ్యభాగమును 1.5 మీటర్లకు చేర్చినచో 67 సెంటీమీటర్లకే పడును. వరిగడ్డి వాము వలె పేర్చి 2 మీటర్లకు చేర్చినచో 53 సెంటీమీటర్లు చాలును. ఇవన్నియు కదలని ట్రక్కు లెక్కలు. నడుచునప్పుడు టైరు నొక్కుకొనును, కమాను పట్టీలు వంగును, గడ్డి ఒక ప్రక్కకు జరుగును, గతుకులో తొట్టి ఊగును. అప్పుడు ఇందులో సగము, అంతకంటె తక్కువ కూడ చాలును. కాలువ గట్టు అంచున చక్రము ఒక అడుగు దిగుట ఎంతసేపు?

కావున ఇరుసు పొడవును తూము వెడల్పు, డొంక వెడల్పు ఒప్పినంతవరకు ఎక్కువ పెట్టించండి. తొట్టి అడుగు నేలకు ఎంత తక్కువ ఎత్తున ఉండిన అంత మేలు. అయితే వాగు రాళ్లు, డొంక నడుమ గడ్డ తగులకుండ ఇరుసు క్రింద తగినంత ఖాళీ ఉండవలెను. ప్రక్క తలుపుల ఎత్తు పెంచుమని అడుగువారు చాలమంది. ప్రక్కల ఎత్తు పెంచుట సరుకును పెంచుట కాదు, ప్రమాదమును పెంచుట.

తొట్టి సైజు విషయములో ఇంకొక మాట. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల తొట్టి 120 ఘనపుటడుగులు, అనగా 3.4 ఘనమీటర్లు పట్టును. దాని నిండ మాగిన పశువుల ఎరువు నింపిన సుమారు 2 టన్నులు. పొడి ఇసుక నింపిన 5 టన్నుల పైమాట. తడి చెరువు మట్టి నింపిన 6 టన్నులు దరిదాపు. తొట్టి ఒకటే, బరువు మూడింతలు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పనులు ప్రారంభమైన తరువాత పూడిక మట్టి పొలములకు తోలిన రైతులకు ఈ తేడా బాగుగా తెలియును. ఎరువుకు చేయించిన ట్రక్కులో మట్టి అంచులదాక నింపి చెరువు కట్ట ఎక్కించిన ఇరుసు వంగును, లేదా ట్రాక్టరు వెనుకకు జారును. తొట్టి లోపల అడ్డముగా మూడు గీతలు గీయించి, క్రింది గీత మట్టికి, నడిమి గీత ఇసుకకు కాక ధాన్యమునకు, పై అంచు ఎరువుకు అని నిర్ణయించుకొనుడు. ఇసుకకు కూడ క్రింది గీతయే దాటరాదు. ధాన్యమైనచో 75 కిలోల బస్తాలు 40 పేర్చిన 3 టన్నులు. బస్తాలు లెక్కపెట్టుట తేలిక గనుక అక్కడ పొరపాటు తక్కువ. పొరపాటు జరుగునది మట్టితోనే.

టైర్లు, ఇరుసు

మన ప్రాంతములో ట్రక్కులకు ఎక్కువగా వాడు సైజులు 7.50-16, 9.00-16. మొదటి అంకె టైరు వెడల్పు అంగుళములలో, రెండవది రిమ్ము సైజు. టైరు నేలను నొక్కు ఒత్తిడి ఇంచుమించు దానిలోని గాలి ఒత్తిడికి సమానముగా ఉండును. గట్టిగా గాలి కొట్టిన సన్నని టైరు మెత్తని నేలలో కత్తివలె దిగును. కావున మెత్తని దారిలో ఎక్కువగా తిరుగువారు వెడల్పు టైరు ఎంచుకొని, మోయు బరువుకు టైరుమీద వ్రాసిన పరిమితిలో గాలి పెట్టుకొనవలెను. రెండు ప్రక్కల ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండవలెను. ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క అరిగినది వేసిన ట్రక్కు బయలుదేరునప్పుడే ఒక ప్రక్కకు వాలియుండును.

చాల ట్రక్కులకు స్టెప్నీ ఉండదు. సర్కారు తుమ్మ ముల్లు లేని డొంక మనవద్ద ఎక్కడున్నది? స్టెప్నీని తొట్టి క్రింద కాక ముందు రేకుకు బిగించుకొనుడు. క్రింద పెట్టిన బురదలో ఉన్నప్పుడు తీయరాదు.

పాత ట్రక్కు కొనువారు చక్రమును జాకీతో లేపి, పైన క్రింద రెండు చేతులతో పట్టుకొని ఊపి చూడవలెను. ఆడినచో బేరింగు పోయినది. త్రిప్పి చూచినప్పుడు గరగర శబ్దము వచ్చినను అంతే. మెడ కమ్ములు తొట్టి చట్రమును కలియుచోట రంగు గీకి చూడండి. వెల్డింగు పగిలిన చోట్లను క్రొత్త రంగు క్రింద దాచుట అమ్మువారికి అలవాటు.

హుక్కు, పిన్ను

ఎడ్లబండికి కడచీల ఎంతో ట్రక్కుకు పిన్ను అంత. ఇంత ముఖ్యమైన వస్తువు విషయములోనే నిర్లక్ష్యము ఎక్కువ. పిన్ను పోయినచో ఇనుప కడ్డీ ముక్క, అది దొరకనిచో పాత బోల్టు. రంధ్రములో వదులుగా ఆడు పిన్ను ప్రతి గతుకునకు సుత్తి దెబ్బ వలె కొట్టి రంధ్రమును కోడిగుడ్డు ఆకారమునకు తెచ్చును. ఒకనాడు మిట్టలో తెగును. తెగిన ట్రక్కు వెనుకకు పోయినప్పుడు దాని వెనుక ఎవరున్నారో మనము చెప్పలేము.

పిన్ను రంధ్రమునకు సరిపోవు లావు ఉండవలెను. తలకాయ పైకి ఉండునట్లు పైనుండి దింపవలెను. క్రింద తాళపు పిన్ను తప్పక ఉండవలెను. గతుకులలో తాళము లేని పిన్ను ఎగిరి పడిపోవును. దానికి తోడు రెండు గట్టి గొలుసులు మెడ క్రింద అడ్డముగా, ఒకదానిమీద ఒకటి దాటునట్లు ట్రాక్టరుకు తగిలించవలెను. మలుపులో బిగియకుండునంత వదులు చాలును, నేలను ఈడ్చునంత వదులు వద్దు. పిన్ను తెగినను మెడ గొలుసులమీద పడి ఆగును.

లాగు చోటు ఎత్తు విషయములో రాజీ పనికిరాదు. ట్రక్కునైనను, దిగబడిన బండినైనను ట్రాక్టరు క్రింది హుక్కుకే తగిలించవలెను. వెనుక ఇరుసుకంటె ఎత్తైన చోట, పై లింకు బిగించు చోట మోకు గాని గొలుసు గాని కట్టి లాగిన ట్రాక్టరు ముందు భాగము గుఱ్ఱమువలె లేచి వెనుకకు తిరగబడును. డ్రైవరు క్లచ్చు త్రొక్కుదమని అనుకొనులోపలనే అది జరిగిపోవును.

దిగుడు, బ్రేకు

ఎత్తు ఎక్కలేక ఆగిన ట్రక్కు నష్టము పెట్టును. దిగుడులో ఆగలేని ట్రక్కు ప్రాణము తీయును. బ్రేకు లేని ట్రక్కును ఆపవలసినది ట్రాక్టరు బ్రేకులే. వెనుకనుండి ట్రక్కు నెట్టుచుండగా ట్రాక్టరు ఆగబోయిన, ట్రక్కు ప్రక్కకు తిరిగి ట్రాక్టరును అడ్డముగా త్రోయును. కావున బ్రేకు లేని ట్రక్కు, సరుకు కలిపి ట్రాక్టరు బరువును మించకుండ చూచుకొనుట సురక్షితమైన హద్దు. ఇది చాల తక్కువగా తోచును, నిజమే. అంతకు మించి తోలదలచినవారు బ్రేకులు గల ట్రక్కునే కొనవలెను. ఖర్చు ఎక్కువయినను వాగులకు, చెరువు కట్టలకు దిగువారు ఈ ఖర్చుకు వెనుదీయరాదు.

ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే, లేక అంతకంటె చిన్న గేరులోనే దిగవలెను. గేరును దిగుడుకు ముందే వేసికొనవలెను, నడుమ మార్చరాదు. నూనె మిగులునని న్యూట్రలు చేసి దింపువారున్నారు. ఇంజను పట్టు విడిచిన బండికి బ్రేకులొక్కటే దిక్కు. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లుండును. పొలములో చివర త్రిప్పుటకు ఒక్కటి త్రొక్కుట సరియే. ట్రక్కు తగిలించి దారిన పడునప్పుడు రెండు పెడళ్లను కలుపు కొక్కెము తప్పక వేయవలెను. వేయక ఒక్క పెడలు త్రొక్కిన ట్రాక్టరు ఆ ప్రక్కకే తిరుగును. అది గట్టుమీద జరిగిన ప్రక్కన ఉండునది కాలువ. ఇంకొకటి, వేగము రెండింతలైన ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును.

హైడ్రాలిక్ తొట్టి పెట్టించువారు దానిని ప్రక్కకు వాలిన నేలమీద లేపరాదు. తీగల క్రింద అసలే లేపరాదు. లేచిన తొట్టి క్రింద తల పెట్టి నట్లు బిగించుటకు ముందు గట్టి ఊత కమ్మి పెట్టి తీరవలెను. నూనె గొట్టము పగులుటకు ముందు ఎవరికీ చెప్పదు.

తొట్టిలో మనుషులు

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలములో పొలము పనికి కూలివారిని తీసికొనిపోవు ట్రాక్టరు ట్రక్కు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. అందరును దాదాపు స్త్రీలే. అదే ఏడాది ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఏ.పల్లి మండలములో ట్రక్కు కాలువలో పడి 9 మంది స్త్రీలు మరణించిరి. వారు పనికి బయలుదేరిన కూలివారు. పెళ్లికో జాతరకో పోవువారిని ఇట్లే ఎక్కించుకొని పోవుట మన ఊళ్లలో ప్రతివారము చూచుచున్నాము.

తొట్టి తలక్రిందులైన క్షణమున అది మూతపెట్టిన పెట్టె యగును. నీటిలో పడిన లోపలివారు బయటికి రాలేరు. మెత్తని నేలమీద పడినను తొట్టి బరువు వారిమీదనే. నిలుచున్న మనుషులు బస్తాలవలె క్రింద పడియుండరు. బరువు మధ్యభాగము పైకి పోవును, మలుపులో అందరును ఒకే ప్రక్కకు ఒరుగుదురు. పైన చెప్పిన సెంటీమీటర్ల లెక్కను ఇక్కడ మరొకసారి చూడండి.

ట్రక్కు సరుకు బండి. మనుషులను తీసికొనిపోవుటకు దానికి అనుమతి లేదు. ట్రాక్టరుకు ప్రత్యేకముగా రిజిస్ట్రేషను ఉన్నట్లే ట్రక్కుకును ఉండవలెను, వెనుక నంబరు కనబడవలెను. వ్యవసాయ ట్రాక్టరు బీమా కాగితమును తీసి చదువుకొనండి. అందులో సీటు డ్రైవరుకు మాత్రమే వ్రాసియుండును. తొట్టిలోనివారికి ప్రమాదము జరిగిన పరిహారపు భారము యజమానిమీదనే పడవచ్చును. కూలివారి ప్రాణమును, ఆ రైతు భూమిని రెండింటిని ఒక్క మలుపు తీసికొనిపోగలదు.

“మరి పదిహేను మందిని నాలుగు మైళ్లు ఎట్లు తీసికొనిపోవలెను?” అని రైతులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఒకే దిక్కున పొలములున్న నలుగురైదుగురు రైతులు కలిసి సీట్లు గల బండిని నాట్లకాలమునకు బాడుగకు మాట్లాడుకొనవచ్చును. సామాను ట్రక్కులో, మనుషులు బండిలో. బండి పోలేని చివరి మైలు నడచుటయే మంచిది. గ్రామ అధికారులు ఇక్కడ చేయదగిన పని చాల గలదు. నాట్లు, కలుపులు, ప్రత్తి ఏరుట మొదలగుటకు ముందు గ్రామ సభలో ఈ సంగతి ఎత్తవలెను. కాలువ గట్టు దారిలో అంచు విరిగిన చోట్లను చూచి నీటిపారుదల శాఖవారికి వ్రాసి పంపవలెను. మలుపులయందు సున్నము పూసిన రాళ్లు పాతించుటకు పెద్ద నిధులు అక్కరలేదు. డ్రైవరు లైసెన్సు లేని కుర్రవానికి ట్రాక్టరు ఇచ్చు ఇంటి పెద్దను పిలిచి మాట్లాడుటకు అసలే నిధులు అక్కరలేదు.

డ్రైవరు ప్రక్క మడ్‌గార్డు మీద, మెడ కమ్మిమీద కూర్చుండుట కూడ ఇందులో చేరినదే. మెడమీదినుండి జారినవాడు పడునది ట్రక్కు చక్రము ముందే.

రాత్రి కనబడుట

పొలమునుండి ఆలస్యముగా వచ్చు ట్రక్కును వెనుకనుండి వచ్చువాడు చూడవలెను గదా. మట్టి కొట్టుకొనిన వెనుక తలుపు చీకటిలో చీకటివలెనే ఉండును. వెనుక ఎఱ్ఱని, ప్రక్కల పసుపు, ముందు తెల్లని రేడియం పట్టీలు అంటించి, ప్రతి సాయంత్రము గుడ్డతో తుడవండి. వెనుక దీపములకు ట్రాక్టరునుండి తీగ లాగించి, విప్పుటకు వీలుగా ప్లగ్గు పెట్టించండి. గడ్డి వెనుకకు వ్రేలాడి దీపములను కప్పినచో దీపమున్నను లేనట్లే. పంక్చరై రోడ్డుమీద ఆగిన ట్రక్కునకు వెనుక నలభై యాభై అడుగుల దూరమున రాయి పెట్టి, పని కాగానే ఆ రాయిని అక్కడే వదలిపోవుట మనవారి అలవాటు. ఆ రాయి ఇంకొక ఇంటి దీపము ఆర్పును. రాయికి బదులు రేడియం త్రికోణము ఒకటి కొని ట్రక్కులో ఉంచుకొనుడు.

దూరపు చేనికి పోవునప్పుడు

నాలుగు రాత్రులు చేనివద్ద ఉండవలసినవారు ట్రక్కు ముందు రేకుకు ఒక ఇనుప పెట్టె బిగించుకొనుట మంచిది. జాకీ, దాని క్రింద పెట్టుటకు మందపు చెక్క, చక్రము పానా, రెండవ పిన్ను, తాళపు పిన్నులు నాలుగు, పార, గొడ్డలి, టార్చిలైటు, గాయములకు దూది, గుడ్డ, మందు అందులో ఉండవలెను. జాకీ క్రింద చెక్క లేనిచో మెత్తని నేలలో లేచునది ట్రక్కు కాదు, దిగునది జాకీ. చక్రములకు అడ్డుపెట్టుటకు త్రికోణపు చెక్కదిమ్మెలు రెండు గొలుసుతో కట్టి వ్రేలాడదీయండి. వాలులో రాయి వెదకుచు పరుగెత్తు పని తప్పును. ఆరడుగుల మందపు పలకలు రెండు, మంచి మోకు ఒకటి, టార్పాలిను ఒకటి తొట్టి అడుగున పరచుకొనవచ్చును. త్రాగు నీటి డ్రమ్మును ఇరుసుకు ముందు, నడిమిన కట్టవలెను. డీజిలు డబ్బాను నీటి డ్రమ్మునకు, వంట సామానుకు దూరముగా వేరుగా కట్టవలెను.

దిగబడినప్పుడు ఆక్సిలరేటరు త్రొక్కుట మానండి. ఇరుసు నేలకు ఆనిన తరువాత పని పదింతలగును. సరుకు సగము దించండి. చక్రముల ముందు పారతో ఏటవాలుగా త్రవ్వి పలకలు పరచండి. ట్రాక్టరును విప్పి గట్టి నేలమీదికి తీసికొనిపోయి, మోకుతో క్రింది హుక్కునుండి మెల్లగా లాగండి. మోకు బిగిసియున్నప్పుడు దాని రెండు ప్రక్కల ఎవరును నిలువరాదు. పాత గొలుసు తెగిన తూటావలె వచ్చును.

రాత్రి పడుకొనుట నేలమీద కాక తొట్టిలో పడుకొనుట మేలు. పాములకు, తేళ్లకు భయము తగ్గును. అయితే చక్రములకు దిమ్మెలు పెట్టి, మెడ క్రింద ఊతకాలు దించి, వెనుక ఊతకాళ్లు కూడ నిలిపిన తరువాతనే పడుకొనవలెను. పాము కరచినచో కోయుట, గట్టిగా కట్టుట, మంత్రము కొరకు ఎదురుచూచుట పనికిరాదు. కరచిన కాలు చేయి కదలకుండ ఉంచి, 108కి ఫోను చేసి, విషమునకు విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. ఫోను అందు చోటు ఏదో పగటిపూటనే చూచి పెట్టుకొనుడు.

అడవి అంచు రైతులు కొందరు అడవిపందుల కావలికి ట్రక్కుమీద మంచె కట్టించుకొనుచున్నారు. కేకలకు, దీపమునకు, డప్పుకు అయినచో మంచిదే, కాని మంచె ఎక్కిన ట్రక్కును కదల్చరాదు. వేటకు మాత్రము దానిని వాడుకొనరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట నేరము, వేటకు వాడిన బండిని స్వాధీనము చేసికొనుటకు అధికారులకు హక్కు గలదు. పందులకని లైనునుండి కరెంటు తీసి కంచెకు పెట్టుట ఇంకను ఘోరము. తెల్లవారి ఆ దారిన వచ్చునది పంది కాకపోవచ్చును.

ట్రక్కు తయారై ఇంటికి వచ్చిన తరువాత మొదటి తడవ ఖాళీగా తీసికొనిపోయి, కొలిచిన అయిదు చోట్లను దాటించి చూడండి. రెండవ తడవ సగము బరువుతో పోవలెను. తిరిగి రాగానే చక్రముల నట్లు, కమాను పట్టీల బోల్టులు మరొకసారి బిగించండి. క్రొత్త ట్రక్కుకు మొదటిసారి ఇవి కొంత వదులగుట సహజము. చక్రపు గూడుమీద చేయి పెట్టి చూడండి, చేయి ఆనలేనంత వేడిగా ఉన్నచో బేరింగు మరీ బిగిసియున్నదన్న మాట. మూడవ తడవ నిండు బరువుతో పోయి వచ్చిన పిదప మరల పానా వేయండి. అప్పుడు కూడ నట్లు తిరిగినచో రిమ్ము రంధ్రములు సరిగా లేవు. బాకీ సొమ్ము చెల్లించకముందే ట్రక్కును షాపునకు తిరిగి తీసికొనిపొండు.